పండుగకు బస

సంక్రాంతి నాలుగు రోజులకూ గోదావరి జిల్లాల్లో ఒక గది సంపాదించడం పిల్లకు సంబంధం కుదర్చడం కంటె కష్టమని నేనంటే, సంబంధాలు కుదిర్చి తలలు నెరిసిన పెద్దలు నవ్వుతారు. నవ్వనివ్వండి. సంబంధాలవాళ్ళు కనీసం జాతకాలు కలవలేదని మర్యాదగా చెబుతారు. లాడ్జీలవాళ్ళకు ఆ మొహమాటం కూడా వుండదు. 2024 డిసెంబరు మొదటి వారంలో అమలాపురంలో ఒకచోటికి ఫోను చేసి, "పండక్కి గది కావాలండీ" అన్నాను. "ఏ యేడు పండక్కండీ?" అన్నాడాయన. నేను తెలుగు ఉపన్యాసకురాలిని. వ్యంగ్యమంటే ఏమిటో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు వివరిస్తున్నదాన్ని. ఇంత క్లుప్తమైన ఉదాహరణ నాకు ఏ అలంకారశాస్త్రంలోనూ తగల్లేదు.

ఇంతకూ సొంత ప్రాంతంలో గది వెతుక్కోవలసిన అవసరం మాకెందుకు వచ్చిందో చెప్పాలి కదా. మాది కోనసీమ. అంబాజీపేటకు కాస్త ఎడంగా, కొబ్బరితోటల మధ్య ఒక వూరు. నాన్నగారు పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. అన్నయ్య అమెరికాలో, నేను మౌలాలిలో. తాళం పెట్టిన ఇంటికి చెదలే కాపలా. చివరకు 2022లో ఇల్లు అమ్మేశాము. కాగితాలమీద అందరికంటె ముందు అమ్మే సంతకం పెట్టింది. "మనిషి లేని ఇంట్లో దీపం ఎవరు పెడతారే?" అన్నది, అంతే.

అయితే ఆ ఇంటిని మా చిన్నాన్నగారి అబ్బాయి తీసుకుందామనుకున్నాడు. వాడు ఇవ్వగలిగినదానికీ, బయటివాళ్ళు ఇస్తామన్నదానికీ నడుమ చాలా ఎడం వున్నది. అన్నయ్య బయటివాళ్ళకే ఇచ్చాడు. వాడు పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. అన్నవాడితో రాజీ పడవచ్చు గాని, అననివాడితో ఏమని రాజీ పడతాము? ఆనాటినుంచి రెండిళ్ళ మధ్యా ఫోన్లు నిలిచిపోయాయి. వాళ్ళ అమ్మాయి పెళ్ళికి శుభలేఖ మాత్రం పోస్టులో వచ్చింది. పోస్టులో వచ్చిన శుభలేఖకు అర్థమేమిటో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

2024 దసరా సెలవుల్లో ఒకనాటి సాయంకాలం అమ్మ వత్తులు చేసుకుంటూ, "ఈసారి కనుమకు జగ్గన్నతోట తీర్థం చూస్తే బాగుండునే" అన్నది. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు ఆమె మాట వినడం మానేసి నాలుగేళ్ళు దాటింది. వచ్చే యేడు చూద్దాంలే అనే మాట ఆ వయసువారితో అనగూడదని తోచింది. "అలాగేనమ్మా" అన్నాను. ఆమె ఒక్క క్షణం వూరుకుని, "ఎక్కడ దిగుతాము?" అన్నది.

ఈ ప్రశ్న అమ్మ నోట వినడం నాకదే మొదలు. ఆమె కాపురానికి వచ్చింది మొదలు ఆ ఇంటి అరుగుమీద ఎవరో ఒకరు దిగుతూ వుండడమే గాని, ఆ నేలమీద తాను ఎక్కడో దిగవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

జగ్గన్నతోట సంగతి ఎరగనివారికోసం నాలుగు మాటలు. కనుమనాడు చుట్టుప్రక్కల పదకొండు గ్రామాలనుంచి ఏకాదశ రుద్రులు ప్రభలమీద ఆ తోటకు వస్తారు. వెదురుతో కట్టి రంగురంగుల గుడ్డలతో అలంకరించిన ఎత్తైన ప్రభలను జనం భుజాలమీద మోసుకుని, "శరభ శరభ" అంటూ, వరిచేలకు అడ్డంపడి తెస్తారు. చేను తొక్కినందుకు ఆ రైతు కోప్పడడు సరిగదా, స్వామి తన చేలోంచి నడిచాడని పొంగిపోతాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశికలోకి దిగి నీళ్ళలోంచే దాటి వస్తాయి. ఆ ప్రభ ఒక ప్రక్కకు ఒరిగినప్పుడల్లా గట్టుమీద చూసేవాళ్ళకు గుండె ఆగినంత పనవుతుంది. వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే తక్కినవాళ్ళు తమ ప్రభలను ఒకసారి పైకెత్తి మర్యాద చేస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీ వీధిలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచినది ఈ తీర్థమే. ఇందులో నాకు చిన్నప్పటినుంచీ వింతగా తోచే సంగతి ఒకటున్నది. ఆ తోటలో గుడి లేదు. పదకొండుమంది దేవుళ్ళూ కొబ్బరిచెట్ల నీడన కూర్చుని, సాయంకాలానికి ఎవరి వూరు వాళ్ళు వెళ్ళిపోతారు. బస సమస్యను వాళ్ళు ఏనాడో ఆ విధంగా తేల్చుకున్నారు. మానవమాత్రులకు ఆ వీలెక్కడిది?

సార్వా కోతలై, నూర్పిళ్ళయి, రైతు చేతిలో నాలుగు డబ్బులాడే రోజులవి. అల్లుళ్ళు వస్తారు, కూతుళ్ళు వస్తారు, బయటి దేశాల పిల్లలు వస్తారు. అంతటితో అయితే ఇళ్ళల్లోనే సర్దుకునేవారు. కాని కోడిపందాల పేరుచెప్పి హైదరాబాదునుంచీ బెంగుళూరునుంచీ కార్లు బారులు తీరతాయి. కోడిపందెం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. ఆ మాట యేటా పత్రికల్లో చదువుతూనే వుంటాము, యేటా బరులు లేస్తూనే వుంటాయి. కోడి ఎవరిదైనా, పడక మాత్రం కావాలి గదా. మామూలు రోజుల్లో పన్నెండు వందలకు ఇచ్చే గది ఏడువేలన్నాడు ఒకాయన. ఒక్క రాత్రికి ఇవ్వడట, మూడు రాత్రులూ కలిపి తీసుకోవాలట, డబ్బు ముందే పంపాలట. నేను ఆలోచించుకుని గంట తరువాత ఫోను చేసేసరికి అదీ పోయింది. దిండిలో గోదావరి గట్టున వున్న విడిదుల్లో చోటు అంతకుముందే నిండిపోయింది.

అన్నయ్యతో చెబితే నవ్వాడు. వాళ్ళవైపు నాపా లోయలో ఆగస్టునుంచి అక్టోబరుదాకా ద్రాక్ష కోతలట. ద్రాక్షసారా రుచి చూడవచ్చే జనంతో అక్కడా గదులకు ఇదే గిరాకి అట. "మీకు కోళ్ళు, మాకు ద్రాక్షలు" అన్నాడు. ద్రాక్ష మాకు మాత్రం తెలియనిదా? అనాబెషాహీ తోటలు ఈ హైదరాబాదు చుట్టూ ఎన్ని వుండేవో! ఇప్పుడవి ప్లాట్లయినాయి. "ఖర్చుకు వెనకాడకండి, నేను పంపిస్తాను" అని కూడా అన్నాడు. అమ్మ ఫోను అందుకుని, "డబ్బు మాట కాదురా నాయనా" అని మళ్ళీ నాకిచ్చేసింది.

ఇక బంధువులు. మేనమామగారింట్లో కొత్త అల్లుడు. కొత్త అల్లుడున్న ఇంట్లో పండక్కి చోటడగడం, పెళ్ళివారి విస్తట్లో చెయ్యి పెట్టినట్లు. ఇంకొకచోట పాత అల్లుళ్ళు ముగ్గురు, పిల్లలు ఏడుగురు. "హాల్లో చాపలు వేస్తాం, రండమ్మా" అని నిజంగా ప్రేమతోనే అన్నారు, కాని చాపమీద కూర్చున్న అమ్మను మళ్ళీ లేపడానికి ఇద్దరు కావాలి. మూడోచోట వాళ్ళు పండుగ నాలుగు రోజులకూ ఇల్లే అద్దెకిచ్చి తాము తిరుపతి వెళుతున్నారు!

మిగిలినది చిన్నాన్నగారి అబ్బాయి. ఆ మాట నేనెత్తలేదు, అమ్మే ఎత్తింది. "నేను ఫోను చేసి, ఒరే, నీ ఇంటికి వస్తున్నానురా అంటే వాడు కాదనడు. కాదనలేడు. అందుకే చెయ్యను. వాడు పిలిస్తే వెళతాను."

ఆ రోజుల్లో తరగతిలో ఏ పాఠం చెబుతున్నా మనసు ఈ గది చుట్టూనే తిరిగేది. మన భాషలో దిగడానికి ఎన్ని మాటలున్నాయి! విడియడంలోంచి విడిది పుట్టింది. మంజిల్ మన నోట మజిలీ అయింది. క్రీడాభిరామంలో మంచనశర్మా టిట్టిభసెట్టీ ఓరుగల్లు వీధులు తిరిగేనాటికే రూక ఇస్తే కడుపునిండా అన్నంపెట్టే పూటకూలి ఇల్లు వున్నది. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ సంగతి సరేసరి. అంటే డబ్బిచ్చి తిని పడుకోవడం మనకు కొత్త కాదు. కాని మా కోనసీమవాళ్ళకు ఇంకో లెక్క వున్నది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడకుండా వచ్చినవారందరికీ వండి వడ్డించారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ ఇల్లాలి పేరు 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టింది. మా అమ్మ తరం ఆడవాళ్ళందరూ ఆవిడ కథ వింటూ పెరిగినవాళ్ళే. అటువంటి సీమలో తాను మంచానికి అద్దె కట్టడమా అన్నది అమ్మ బాధ. పైకి అనలేదు. సంచి సర్దుతూ రెండుసార్లు, "దుప్పట్లు వాళ్ళే ఇస్తారా?" అని మాత్రం అడిగింది.

మేముంటున్న మౌలాలి కూడా ఒకప్పుడు పండుగ బసల వూరే. మా వారు రైల్వే ఉద్యోగి కావడంచేత ఇక్కడ కాపురం పెట్టాము గాని, కొండ చరిత్ర నాకు తరువాత తెలిసింది. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, 1578లో, యాకూత్ అనే దర్బారు సేవకుడికి కలలో హజ్రత్ అలీ కనిపించాడనీ, తెల్లవారి చూస్తే కొండరాతిమీద ఆయన చేతిగుర్తు వున్నదనీ చెబుతారు. రజబు నెల 17వ తేదీన ఉర్సు. నిజాం అలీఖాన్ నాటికి ఈ ఉర్సు ఎంత పెద్దదంటే, దర్బారు దర్బారంతా ఏనుగులమీద నగరం వదిలి వచ్చి ఈ కొండక్రింద మకాం వేసేది. సామాన్యులు డేరాల్లో, చెట్లక్రింద. గొప్పవాళ్ళు మాత్రం యేటా గది వెతుక్కునే బాధ లేకుండా తోటలూ బారాదరీలూ కట్టించుకున్నారు. ఉర్దూ గజళ్ళు రాసిన మహ్‌లఖా బాయి చందా 1792లో తన తల్లికి ఇక్కడే సమాధీ తోటా కట్టించింది. 1824లో తానూ అక్కడే తల్లి ప్రక్కన పడుకున్నది. ఆమె జాగీరు అడిక్‌మెట్ నేలమీదనే తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం లేచింది. నేను ఎం.ఏ. చదివిన ఆర్ట్స్ కాలేజీ రాతి మెట్లమీద కూర్చున్నప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

చాంద్రమాసాల లెక్క కావడంచేత ఉర్సు ఋతువులన్నీ తిరిగి వస్తుంది. 2025లో అది సంక్రాంతికి నాలుగైదు రోజుల ఎడంలో పడింది. ఉర్సు రోజుల్లో పై వూళ్ళవాళ్ళు మా గేటు దగ్గర కాసేపు కూర్చుంటామని అడుగుతారు. అమ్మ ఒక్కనాడూ ఎవరు, ఏమిటి అని అడిగి ఎరగదు. నీళ్ళచెంబు ముందు, మాట తరువాత.

ఇంకొక విచిత్రం చూడండి. నేను రోజూ దిగే తార్నాకలో, విశ్వవిద్యాలయం చుట్టుప్రక్కల, పరీక్షలకు చదివే పిల్లలతో గదులన్నీ కిక్కిరిసి వుంటాయి. ఒక్కొక్క గదిలో నలుగురు, మంచం మంచానికి అద్దె. సంక్రాంతి వచ్చేసరికి ఆ సందులన్నీ తాళాలు. అక్కడ గదులు లేక నేను అల్లాడుతుంటే, ఇక్కడ గదులు మనిషి లేక బోసిపోతున్నాయి.

చివరికి మా కళాశాలలో సహోద్యోగిని ఒకావిడ ద్వారా చోటు దొరికింది. అంబాజీపేటలో ఒక పెద్దావిడ, భర్త బడిపంతులుగా పనిచేసి పోయారు, ముందుగది ఇస్తుందట. రోజుకు మూడువేలు, భోజనం విడిగా. నేనడిగిన మొదటి ప్రశ్న మంచం గురించి కాదు, మరుగుదొడ్డి గురించి. కుర్చీలా కూర్చునేది వున్నదని చెప్పింది. అడ్వాన్సు పంపించాను.

రైలు సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. 2024 నవంబరు 1 నుంచి టిక్కెట్లు తీసుకునే గడువు 120 రోజులనుంచి 60 రోజులకు తగ్గింది. దాంతో అందరూ ఒకేసారి ఎగబడ్డారు, మామూలు రైళ్ళలో మాకు దొరకలేదు. ఆ జనవరి 6న చర్లపల్లిలో కొత్త స్టేషను తెరిచారు, అక్కడినుంచి నరసాపురానికి పండుగ ప్రత్యేక రైళ్ళు వేశారు. మౌలాలికి చర్లపల్లి కూతవేటు. 12వ తేదీ రాత్రి ఎక్కి, భోగినాడు ఇంకా తెల్లవారకముందే పాలకొల్లులో దిగాము. మా వారికి సెలవు దొరకలేదు, నేనూ అమ్మా ఇద్దరమే.

ఆటోలో చించినాడ వంతెన ఎక్కేసరికి మంచు. గోదావరి కనపడలేదు, చల్లదనం మాత్రం తెలిసింది. వంతెన దిగిందగ్గరనుంచీ దారిపొడుగునా భోగిమంటలు. మంచులో ఎర్రగా ఒక వెలుగు, కాస్త దూరంలో మరొకటి. అమ్మ ప్రతి వూరి పేరూ మంటను బట్టే చెబుతూ వచ్చింది. మా వూరికి తిరిగే మలుపు దగ్గర ఆటోవాడు, "ఇటా అండీ?" అన్నాడు. "కాదు నాయనా, తిన్నగా పోనీ" అన్నది.

ముందుగది కొత్త సున్నంతో వున్నది. ఇంటావిడ తన మంచం మాకు వేసి, తాను వంటింట్లో చాపమీద పడుకుంటున్నదని మాకు మధ్యాహ్నానికి తెలిసింది. మనవడి ఇంజినీరింగు ఫీజుకు ఈ నాలుగు రోజుల డబ్బు కలుస్తుందట. మొదట మా అమ్మను "మేడం" అన్నది. కాఫీలో పంచదార ఎంతని హోటల్లో అడిగినట్లు అడిగింది. అమ్మ ముఖం చూడలేకపోయాను. రెండో కాఫీకి గోత్రాలు వచ్చాయి, మూడో కాఫీకి ఇద్దరి పుట్టిళ్ళూ ఏటికి ఆవలా ఈవలా అని తేలింది. సంక్రాంతినాడు ఇద్దరూ వంటింట్లో ఒకే పీట దగ్గర అరిసెలు వత్తుతున్నారు. రాత్రి ఆవిడ మొహమాటపడుతూ నాతో, "అద్దె మాట... మీ అమ్మగారి దగ్గర ఎలా పుచ్చుకోనమ్మా?" అన్నది. అమ్మ లోపలినుంచి విన్నది. "చుట్టరికం చుట్టరికమే, మనవడి ఫీజు మనవడి ఫీజే. లెక్కపెట్టి తీసుకో వదినా" అన్నది.

కనుమనాడు కాకైనా కదలదంటారు. మేము మాత్రం మినప గారెలు తిని జగ్గన్నతోటకు కదిలాము. అమ్మకు ఒక ప్లాస్టిక్ కుర్చీ, గట్టుమీద నీడ దొరికాయి. నేను ఆమె ప్రక్కన నిలబడ్డాను. కౌశిక దాటే ప్రభలు నీళ్ళలో దిగినప్పుడు ఆమె కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నది గాని, కళ్ళు మూయలేదు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ వచ్చింది, ప్రభలన్నీ లేచాయి. జనం అరుపులో ఆమె ఏదో అన్నది, నాకు వినపడలేదు.

అప్పుడే వాడు కనిపించాడు. మోకాళ్ళదాకా బురద, భుజంమీద తువ్వాలు, ప్రభ మోసి వచ్చిన మనిషి. మమ్మల్ని చూసి ఒక్క నిమిషం అక్కడే ఆగిపోయాడు. తరువాత తిన్నగా వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"ఎప్పుడొచ్చావు పెద్దమ్మా?"

"భోగినాడురా."

"ఎక్కడ దిగారు?"

"అంబాజీపేటలో గది తీసుకున్నాము."

వాడు నావైపు చూశాడు. "గదా? గది తీసుకోవడమేమిటక్కా? అద్దెకా?"

నేను జవాబు చెప్పేలోపలే అమ్మ అన్నది: "నువ్వు పిలవలేదు గదరా."

"నిన్ను పిలవాలా పెద్దమ్మా?" అన్నాడు వాడు. గొంతు ఎక్కడో పట్టుకున్నది. "నాకేమో నువ్వు ఇల్లమ్మేసి, ఇక రానని చెప్పినట్లే అనిపించింది. నేను పిలిస్తే, ఇంకా ఏదో అడుగుతున్నాడనుకుంటారని..."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమటే కావచ్చు. అమ్మ వాడి తలమీద చెయ్యి వేసి, జుట్టులో ఇరుక్కున్న కొబ్బరి పీచు తీసి పారేసింది. ఇంటి ధర మాట, అన్నయ్య మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ రాత్రికి తనింటికి రమ్మని వాడు గట్టిగా పట్టుబట్టాడు. అమ్మ రానన్నది. ఇంటావిడ పనసపొట్టు కూర చేస్తున్నదట, తినకపోతే నొచ్చుకుంటుందట. వాడే రాత్రి ఎనిమిదింటికి స్నానంచేసి, భార్యను వెంటబెట్టుకుని, ఒక కొబ్బరిబొండాల గెల మోసుకుని ఆ అద్దె గదికి వచ్చాడు. గదిలో ఒకటే కుర్చీ. మంచంమీద అమ్మ, కుర్చీలో మరదలు, గుమ్మంలో వాడు, నేలమీద నేనూ ఇంటావిడా. పదకొండుదాకా మాటలు. పెళ్ళి ఫోటోలు ఫోనులో ఒక్కొక్కటే చూపించాడు. అమ్మ ప్రతి ఫోటోలోనూ ఎవరెవరు లావయ్యారో చెప్పింది.

మర్నాడు ముక్కనుమ. సాయంకాలం వాడే ఆటో తెచ్చి, సంచులు ఎక్కించి, ఇంటావిడను ప్రక్కకు పిలిచి ఎంతయిందని అడగబోయాడు. "మీ పెద్దమ్మగారు పొద్దున్నే లెక్క తేల్చేశారు బాబూ" అన్నదావిడ.

పాలకొల్లుదాకా తానూ వస్తానని ఆటోలో ముందు డ్రైవరు ప్రక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. చించినాడ వంతెనమీద, ఈసారి మంచు లేదు, గోదావరి నిండుగా కనిపిస్తున్నది. వాడు వెనక్కి తిరిగి, "వచ్చే కనుమకు ఇక గదులూ అవీ వెతక్కండి" అన్నాడు.

"ముందు పిలు," అన్నది అమ్మ, "అప్పుడు చూద్దాం."